అత్త తెచ్చిన అయిదు వెండి బిళ్ళలు

మా మేనత్త భర్త భిలాయి పక్కన చరోదా రైల్వే యార్డులో పనిచేస్తూ, రిటైరు కాకముందే పోయాడు. క్వార్టరు ఖాళీ చేస్తున్నప్పుడు ఆయన పనిముట్ల పెట్టె అడుగున, పాత బనీను గుడ్డలో చుట్టిన అయిదు బిళ్ళలు అత్తకు దొరికాయి. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన వాటి మాటే ఎత్తలేదు. తొంభైల మొదట్లో సంగతి ఇది. నేనప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని.

ఒక ఆదివారం పొద్దున్నే అత్త భిలాయిలో మా ఇంటికొచ్చింది. తలుపు గడియ తనే వేసి, బిళ్ళలు బల్ల మీద పెట్టింది. వంకరటింకర చదరాలు. వాటి మీద ఆకుపచ్చగా, నల్లగా రాయిలా గట్టిపడిన చిలుము. అక్కడక్కడా చిన్న ముద్రలు, కాస్త వెండి మెరుపు.

"కంసాలోడికిస్తే ఏసిడ్‌లో ముంచి సగం ఎండి నొక్కీస్తాడు. నువ్వే తోమియ్యి. నా ఎదరే," అంది.

"తోమితే ముద్రలు అరిగిపోతాయత్తా. నానబెట్టాలి. సాయంత్రం దాకా పడుతుంది."

"పడనీ. నాను కూకుంటాను."

గాజు గిన్నెలో నిమ్మరసం పోసి బిళ్ళలు వేశాను. గంటకోసారి తీసి, కడిగి, వెదురు పుల్లతో మెల్లగా గీకడం, మళ్ళీ వెయ్యడం. మధ్యాహ్నానికి రసం నీలిపచ్చగా మారింది.

"ఏటి కలిపీసినావురా?"

"ఏమీ లేదు. వెండిలో కలిసిన రాగే చిలుమై పైకొచ్చింది. అది కరుగుతోంది."

అత్త నమ్మలేదు. గిన్నె తన పక్కకు జరుపుకుని అన్నం తింది. "నాకు సెప్పకుండా దాసినాడంటే ఎవుల కోసమో దాసినాడు," అంది ఉన్నట్టుండి. మావయ్యకి ఇవి ఎక్కడివన్న అనుమానం నాకూ ఉంది.

సాయంత్రానికి నాలుగు బిళ్ళలు తేటపడ్డాయి. ఒకదాని మీద సూర్యుడు, ఇంకోదాని మీద ఏనుగు. అయిదోదాని చిలుము ఊడేసరికి కింద ఎర్రగా కనబడింది. పైన పల్చటి వెండి రేకు, లోపలంతా రాగి.

అత్త నా చేతులకేసి చూసింది. "ఇది నాది కాదు. నీ ల్యాబులో ఇలాటివి సేస్తారేటి?"

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. రెండు నెలలు మా గడప తొక్కలేదు. నేను బిళ్ళ మార్చేశానని మా నాన్నతో కూడా చెప్పింది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

చివరికి నేనే వెళ్ళి, బతిమాలి, బిళ్ళలతో సహా అత్తను రాయపూర్‌లో పాత నాణేలు తెలిసిన ఒక రిటైర్డు మాస్టారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన భూతద్దంలో చాలాసేపు చూసి, "అమ్మాజీ, యే భీ ఉత్నా హీ పురానా హై," అన్నాడు. ఇదీ మిగతా నాలుగింటిలాగే రెండు వేల ఏళ్ళ నాటి నాణెమట. ఆ రోజుల్లోనూ రాగికి వెండి తొడిగి చలామణీ చేసేవారట. రేకు చిరిగిన అంచు కింద పాత చిలుము ఇంకా అంటుకునే ఉంది. అంటే అది ఇప్పుడు చేసింది కాదు.

తిరుగు రైల్లో అత్త బిళ్ళల మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బండి చరోదా యార్డు దాటుతుండగా, "మీ మావకి ఎవుడో అంటగట్టినాడురా," అంది. "అందులో ఒకటి దొంగబిళ్ళని తెలిసుంటాది. నాను తిడతానని సెప్పలేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మావయ్య చనిపోయిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు.

అలాగే జరిగిందో లేదో నాకు తెలియదు. "అవును" అని మాత్రం అన్నాను.

నాకు క్షమాపణ చెప్పలేదు. దిగేటప్పుడు మూట నా చేతికిచ్చి, తిరిగి అడగడం మరచిపోయింది. మూడో రోజు నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. విప్పి చూడకుండా పెట్టెలో పడేసి, "అన్నం తిని ఎల్లు," అంది.