మేడం లెక్కపెట్టిన ఆడవాళ్లు

మేడం పోయారు. శనివారం పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ పోయింది. స్లీప్‌లోనే," అంది. బయట మంచు కురుస్తోంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను కదల్లేకపోయాను.

మేడం అమెరికాలో, ఈ పిస్కాటవేలో మా పక్కింటావిడ, కాలేజీలో ప్రొఫెసర్. ఆఫ్రికా దేశాల పార్లమెంటుల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయిస్తే ఏం మారుతుందన్నది ఆవిడ పరిశోధన. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో గోడలు చూస్తున్న నన్ను, "ఇలా కూర్చుని ఏం చేస్తావే అమ్మాయ్, పద," అని తన క్లాసుకు తీసుకెళ్లారు. ఆ రోజు ఆవిడ తలుపు కొట్టకపోతే నేనేమైపోయేదాన్నో! రువాండా పార్లమెంటులో సగానికి పైగా ఆడవాళ్లేనని విన్నది అక్కడే. మొదట నమ్మలేదు. వేసవి సెలవుల్లో ఆవిడ ఆ దేశాలకు వెళ్లి, గ్యాలరీలో కూర్చుని సభలు చూసేవారు. తిరిగొచ్చాక మా ఇంట్లో ఉప్మా తింటూ, ఏ మంత్రిని ఎవరు నిలదీశారో సొంత మేనత్తల సంగతి చెప్పినట్టు చెప్పేవారు.

మన ఆర్టీసీ బస్సుల్లో రాసుండే మాట ఆవిడకు మహా ఇష్టం. "స్త్రీలకు కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనివ్వాలిట. రాజ్యాంగమంతా ఇందులోనే ఉందే," అనేవారు.

ఆ పట్టుదలతోనే మా తెలుగు సంఘం కార్యవర్గంలో ఆడవాళ్లకు సీట్లు ఇప్పించారు. మగమహారాజులు చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు, భార్యల పేర్లు ఇచ్చారు. మీటింగులకు మాత్రం తామే వచ్చేవారు. "మా ఆవిడ పిల్లల్ని స్విమ్మింగ్‌కి డ్రైవ్ చేస్తోందండీ, తన బదులు నేనొచ్చా," అనేవాడు ట్రెజరర్. స్వయంగా వెళ్లే సభ్యురాలిని నేనొక్కదాన్నే, అదీ మేడం కారులో. ఆవిడ నవ్వి ఊరుకునేవారు. "వీళ్లను వదిలెయ్. అక్కడ చూడు," అనేవారు.

అక్కడ అంటే ఆ ఆఫ్రికా పార్లమెంటుల్లో, ముఖ్యంగా ఒక సభ్యురాలు. తూర్పు ఆఫ్రికాలో ఒక చిన్న పట్నం నుంచి మహిళా సీటులో గెలిచింది. భర్త పోయిన ఆడదానికి అతని భూమిలో హక్కుండాలని, సొంత పార్టీ వద్దన్నా సభలో బిల్లు పెట్టి పట్టుబట్టింది. మేడం రాస్తున్న పుస్తకంలో చివరి అధ్యాయం ఆమె గురించే. మరుసటి ఎన్నికల్లో పార్టీ ఆమెకు టికెట్ ఇవ్వలేదు. ఆ సీటు నాయకుడి మరదలికిచ్చారు. బిల్లు అటకెక్కింది.

ఆ ఏడు తిరిగొచ్చిన మేడం వేరే మనిషి. ఉప్మా ముట్టలేదు. "సభలో ఆడవాళ్ల సంఖ్య ఒక్కటి కూడా తగ్గలేదే అమ్మాయ్. నా లెక్కల టేబుల్స్‌లో ఆమె లేదన్న సంగతే కనపడదు. ఇన్నేళ్లూ నేను లెక్కపెట్టిందేమిటి?" అన్నారు. ఆ అధ్యాయం ఆవిడ రాయనే లేదు.

సంతాప సభ మా సంఘమే పెట్టింది. మగవాళ్లు వరసగా మాట్లాడారు. స్త్రీశక్తి అన్నారు, తెలుగింటి ఆడపడుచు అన్నారు. కార్యవర్గ సభ్యురాళ్లు వంటగదిలో పులిహోర సర్దుతున్నారు. చివర్లో కూతురు లేచింది. తెలుగులోనే మాట్లాడాలని ముందురోజంతా నా దగ్గర నేర్చుకుంది. "మా అమ్మకి ఒక డౌట్ ఉండింది," అని మొదలుపెట్టింది. హాలు టైమైపోతోందని ట్రెజరర్ ప్లేట్లు అందించమన్నాడు. జనం లేచారు. ఆ పిల్ల ఆగలేదు. పులిహోర కోసం వరసకట్టిన వీపుల వైపు చూస్తూ, వాళ్లమ్మ ప్రశ్నను తప్పుల తెలుగులో అడుగుతూనే ఉంది.