మునెమ్మ పాలలో తగ్గిన ఫ్యాట్

2025 మే నెల. ఉద్దనపల్లి పక్కన ఒక పల్లెలో పాల సొసైటీకి నేను టెస్టర్‌ని. పాలు పోయించుకుని, శాంపిల్ తీసి, రెండు అంకెలు రాయడం నా పని. ఒకటి ఫ్యాట్, అంటే నూరు పాళ్లలో వెన్న ఎంత అన్నది. రెండోది లాక్టోమీటర్ రీడింగ్, అంటే పాల సాంద్రత. నీళ్లు కలిపితే రెండూ పడిపోతాయి. వెన్న తీస్తే ఫ్యాట్ పడిపోయి, రీడింగ్ కాస్త పెరుగుతుంది. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు. పాత రిజిస్టర్లు తిరగేసి నేర్చుకున్నాను.

యుద్ధం మొదలైన ఆ వారం పాల వరుస ముందుకు జరిగేది కాదు. ఒకరి ఫోన్‌లో వీడియోకు నలుగురు మూగేవారు. డీజిల్ దొరకదని ఎవరో అంటే ట్రాక్టర్లు పొలం వదిలి రాయకోట బంకుకు పరిగెత్తాయి. బెంగళూరులో సైరన్ మోగిందని ఒకరు, లేదని ఇంకొకరు.

మునెమ్మకు రెండు ఆవులు, సరిహద్దులో సిపాయిగా ఉన్న ఒక్క కొడుకు. ఆ వేసవంతా ఆమె ఉదయం పాలు తొమ్మిది లీటర్లు, ఫ్యాట్ నాలుగు. ఆ వారం వరుసగా మూడు ఉదయాలు ఫ్యాట్ మూడే వచ్చింది. రీడింగ్ ఒక పాయింట్ పెరిగింది.

"మునెమ్మా, వెన్న తీసినావా?" అని అందరి ముందే అడిగాను.

ఆమె లేదని తలూపింది. వెనక నిలబడ్డ చిన్నప్ప, "మిలిటరీ కొడుక్కు నెయ్యి కాస్తా ఉందేమోలేప్పా" అన్నాడు. నవ్వారు. రేపు ఉదయం కూడా ఇట్లే ఉంటే ఆమె పాల కార్డు ఆపేస్తామన్నాడు సొసైటీ సెక్రటరీ. కార్డు ఆగితే ఆమె పాలు పోసే చోటు ఆ ఊళ్లో ఇంకొకటి లేదు. నేను రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన 'వెన్న తీసిన పాలు' అని రాశాను.

అందరూ పోయాక కూడా మనసు నిలవలేదు. రిజిస్టర్ మళ్లీ తెరిచాను. నేను పట్టించుకోని మూడో అంకె అందులోనే ఉంది: లీటర్లు. తొమ్మిది కాదు, ఆరుముప్పావు.

తొమ్మిదిని నాలుగుతో హెచ్చిస్తే ముప్పై ఆరు. ఆరుముప్పావును మూడుతో హెచ్చిస్తే ఇరవైంపావు. తేడా పదిహేనుముప్పావు. తగ్గిన పాలు రెండుంపావు లీటర్లు. ఆ తేడాను దీనితో భాగిస్తే, పోయిన పాలలో ఫ్యాట్ ఏడు. మీగడ అయితే ముప్పై దాకా ఉండాలి. ఏడు ఉండేది పొదుగులో చివర మిగిలే పాలలో. మునెమ్మ వెన్న తీయడం లేదు, పాలు పూర్తిగా పితకడం లేదు.

మరుసటి ఉదయం ఆమె కొట్టం దగ్గరికి పోయాను. కొట్టంలో సిగ్నల్ రాదని ఫోన్‌ను రోడ్డు పక్క రాయి మీద పెట్టి పితుకుతోంది. సగంలో మోగింది. పాల చేతులతోనే పరిగెత్తింది. ఏదో లోన్ కంపెనీ. తిరిగొచ్చేసరికి ఆవు పాలు ఎగజేపింది, ఇక చుక్క విడవలేదు. ఆమె దూడను వదిలింది. మిగిలిందంతా దూడ తాగింది.

"వాని గొంతు విని నాలుగు దినాలయిందప్పా. ఇప్పుడు ఎత్తకపోతే మళ్లా ఎప్పుడు చేస్తాడో."

"నిన్న ఈ మాట చెప్పుంటే సరిపోయేది గదమ్మా."

"నవ్వతా ఉండేవాళ్లకు ఏం చెప్పేది?"

రెండో ఆవు ఇంకా మిగిలి ఉంది. "నువ్వు పితుకు. ఫోన్ నేను పట్టుకుంటా. వాడైతే నువ్వొచ్చే దాకా లైన్ విడవను" అన్నాను.

రోడ్డు మీద ఇరవై నిమిషాలు నిలబడ్డాను. మోగకపోయినా పదిసార్లు చూసుకున్నాను. యుద్ధం గురించి వారమంతా విన్నదాని కన్నా ఆ ఇరవై నిమిషాలే ఎక్కువ చెప్పాయి.

పూర్తిగా పితికిన ఆ రెండో ఆవు పాలు విడిగా టెస్ట్ చేస్తే ఫ్యాట్ నాలుగు. వరుసలో అందరికీ వినబడేలా చదివాను. తప్పు నాదేనని చెప్పాను. కార్డు ఆపే మాట సెక్రటరీ మళ్లీ ఎత్తలేదు. కొడుకు ఫోన్ ఇంకో రెండు రోజులకు, మిట్టమధ్యాహ్నం వచ్చిందట.

ఇప్పుడు ఫ్యాట్ తగ్గితే లీటర్లు చూస్తాను. రెండూ తగ్గితే వరుసలో అడగను, ఇంటికి పోయి అడుగుతాను. ఆ మూడు ఉదయాల అంకెలు రిజిస్టర్‌లో అట్లే ఉన్నాయి, వాటిలో తప్పు లేదు. వాటి పక్కన నేను రాసిన మాటను మాత్రం కొట్టేసి, కింద నా సంతకం పెట్టాను.