పెద్దమ్మ వెయ్యని ఒట్టు

లా ఎంట్రన్సుకి చదువుతున్న మా మనవరాలు మొన్న, జస్టిస్ అనే మాట లాటిన్‌లో దేన్నుంచి వచ్చిందని హిందీలో అడిగితే, కళ్లద్దాలు తీసి, తర్వాత చెబుతాలే అన్నాను. తెలియక కాదు, అదంతా మళ్లీ తలుచుకునే ఓపిక లేక.

డెబ్బైల చివర్లో నేను ఉత్తరాదిన ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లోనే, సాక్చి పేటలో ఒక బెంగాలీ ప్లీడరుగారి దగ్గర టైపిస్టుని. కోర్టు నుంచి వచ్చి టీ తాగుతూ కోర్టు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఆయనకి సరదా. వెర్డిక్ట్ అంటే నిజం పలకడమనీ, ఎలిబై అంటే మరోచోట అనీ, జూస్ అంటే న్యాయమనీ, జస్టిస్, జూరీ అందులోంచే వచ్చాయనీ, ఒట్టు వెయ్యడానికి లాటిన్‌వాళ్లు వాడే మాటా ఆ జూస్‌కే పుట్టిందనీ ఆయన చెబుతుంటే, వింటూ టైపు కొట్టేవాణ్ణి. అవన్నీ మా ఇంటి మీదికే వస్తాయని ఎవరనుకున్నారు!

ఊరికి ఒక కొసనున్న బాగ్‌బేరాలో కాంట్రాక్టు కూలీల కొట్లాటలో ఒకడి తల పగిలితే, కేసులో మా అన్నయ్యనీ ఇరికించారు. ఆ సాయంత్రం వాడు రెండో కొసన, నది అవతలి మాంగో పేటలో పెద్దమ్మ ఇంటి మీద రేకులు సరిచేస్తున్నాడు. చూసింది ఆవిడొక్కతే. అమ్మ పోయాక, పిల్లల్లేని ఆ పెద్దమ్మే మమ్మల్ని పెంచింది.

నిజానికైనా సరే, ఒట్టు వేస్తే బిడ్డలకి తగులుతుందని మావాళ్ల భయం. మీకు తెలియంది కాదు. బోనెక్కిన పెద్దమ్మ ప్రమాణం చెయ్యమంటే పెదవి విప్పలేదు. దేవుడి పేరు అక్కర్లేదు, మనస్సాక్షిగా చెప్పమ్మా అని జడ్జిగారే నచ్చజెప్పినా తల అడ్డంగా ఊపి దిగిపోయింది. అన్నయ్యకి రెండేళ్లు పడ్డాయి.

కోర్టు వరండాలో ఒళ్లు మండిపోయి, పిల్లలే లేని నీకు ఎవరికి తగులుతుందని భయమే అని అరిచాను.

"ఆడు కాకపోతే నాకింకెవుడున్నాడ్రా? తగిల్తే ఆడికే తగుల్తాది. జైలుకెల్లినోడు తిరిగొత్తాడు," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

అన్నయ్య తిరిగొచ్చాడు. పోయిన పని మళ్లీ దొరకలేదు గానీ, జైలు నుంచి నేరుగా వంతెన దాటి వెళ్లి ఆవిడ చేతి అన్నమే తిన్నాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

మా ఇంట్లో పిల్లలు చాక్లెట్‌కి కూడా కసమ్ అని హిందీలో ఒట్టేసేస్తారు, ఎవరికీ ఏమీ కాదు. మంచిదే. మనవరాలికి జూస్ అని చెప్పాను, రాసుకుని వెళ్లిపోయింది. ఈ ముసలాడికేమైనా అవుతుందేమోనని ఒట్టు వెయ్యడానికి భయపడే మనిషి మాత్రం, ఇంత ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు.