చేప నాడి

బందరు నుంచి గుడివాడ వెళ్లే బస్సులో, పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ చాలాసేపటి నుంచి నా చేతి వంకే చూస్తోంది. చేతిని కిటికీ వైపు జరుపుకున్నాను. స్మార్ట్‌వాచీ కొని నెల కూడా కాలేదు మరి.

"ఏంటి బాబూ, అస్తమానం దాన్నే చూసుకుంటున్నావ్?"

"ఛాతీ కాస్త పట్టేసినట్టుందండీ. గుండె బాగానే కొట్టుకుంటోందని చూపిస్తోంది లెండి."

"ఏదీ, ఓసారి ఇలా ఇవ్వు."

వాచీ తీసుకుని, తర్వాతి స్టాపులో దిగిపోతే? కాదనలేక ఇచ్చాను గానీ, ఆవిడ ఒళ్లో ఉన్న సంచీ మీంచి నేను చూపు తిప్పలేదు. ఆ సంచీలోంచే ఆవిడ ఒక పండుగప్ప చేపను బయటికి లాగి, దాని తోక దగ్గర నా వాచీని చుట్టి బిగించింది. నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయేలోపే వాచీ వెలిగింది. ఎప్పుడో చచ్చిన ఆ చేపకు గుండె నిమిషానికి డెబ్బై నాలుగుసార్లు కొట్టుకుంటోందట!

నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"మా ఆయనక్కూడా ఇలాంటి వాచీయే బాగానే ఉందని చూపించింది బాబూ. ఆస్పత్రికి పొద్దున్నే వెళ్దాంలే అని పడుకున్నారు. మళ్లీ లేవలేదు."

వాచీని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

గుడివాడలో దిగి, వెళ్లాల్సిన చోటికి కాకుండా ఆస్పత్రికి వెళ్లాను. అక్కడ నాలుగు రోజుల దాకా నన్ను ఇంటికి పంపలేదు.

ఇప్పుడు మా నాన్న వాడిన, కీ ఇచ్చే పాత వాచీ పెట్టుకుంటున్నాను. అది రోజూ కాస్త వెనకబడుతుంది, ఫోన్లో చూసి సరిచేసుకుంటాను. నేను బాగున్నానని మాత్రం అదెప్పుడూ చెప్పలేదు.