బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు

వెంకటస్వామి సింగపూర్‌లోని సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డింగ్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాడు. కూతురు హేమమాలిని ఉద్యోగం స్పెయిన్‌లో. ఏడాదికి రెండు నెలలు ఆమెకు దగ్గరగా గడపడానికి సముద్రం ఒడ్డున చిన్న ఇల్లు చూద్దామని భార్య పుష్పవల్లితో అక్కడికి వెళ్ళాడు.

ఇళ్ళ ఏజెంటు ఎండ గురించి, ఆసుపత్రుల గురించి చెబుతుంటే అతను వినలేదు. ప్రతి ఊళ్ళోనూ ముందు ఒక కాఫీ హోటల్‌కి వెళ్ళి, ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి, ఆర్డరివ్వడానికి లోపలికి నడిచేవాడు. సింగపూర్‌లో తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో అలా 'చోప్' చేసిన, అంటే వస్తువు పెట్టి ఆపుకున్న, బల్ల జోలికి ఎవరూ రారు. మొదటి ఊళ్ళో అతను తిరిగొచ్చేసరికి ఎవరో కూర్చుని ఆ టిష్యూతోనే మూతి తుడుచుకుంటున్నారు. రెండో ఊళ్ళో వెయిటరు ప్యాకెట్టును చెత్తబుట్టలో పడేశాడు.

"మర్యాద లేదు లా వీళ్ళకి! ఇలాంటి చోట ఇంటికి తాళం వేసి ఎలా వెళ్తాం?" అని సింగపూర్ యాసలో మండిపడ్డాడు.

మూడో ఊరు టొరెవియెహా. పొద్దున్నే బీచికి వెళ్తే మనుషులెవరూ లేరు. నీళ్ళ అంచున వరసగా గొడుగులు, మడత కుర్చీలు మాత్రం ఉన్నాయి. ఎండెక్కాక ముసలివాళ్ళు తీరిగ్గా వచ్చి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు.

"ఇదే మన ఊరు పుష్పా," అన్నాడు వెంకటస్వామి.

ఆ సాయంత్రమే అడ్వాన్సు కట్టాడు. మర్నాడు తెల్లవారుతుండగా కొత్త కుర్చీ మోసుకుని వెళ్తే మొదటి వరస అప్పటికే నిండిపోయింది. అతను అటూ ఇటూ చూసి, ఒక గొడుగును పక్కకి జరపబోయాడు.

"జరపకండి," అంది పుష్పవల్లి. "మీరు జరిపితే మనం ఇంకో ఊరు వెతుక్కోవాలి."