జూబిలీ పొట్టేలు

మొన్న మండపేట మీదుగా వెళ్తూ కారు అద్దం దించాను. రైసుమిల్లు నుంచి వెచ్చటి తవుడు వాసన కొట్టింది. నా పొట్టేలు బుల్లోడి తడి మూతి మళ్లీ అరచేతికి ఆనినట్టయింది.

ఆ ఊరి బజారులోనే మా నాన్నకు పచారీ కొట్టుండేది. ఉల్లిపాయ కూడా గుమ్మం దాటని ఇల్లు మాది. మంద తోలుకుపోతున్న కాపరి ఒకడు తల్లి చచ్చిన గొర్రెపిల్లను మా అరుగు మీద వదిలేసి వెళ్తే, పాలసీసాతో నేనే పెంచాను. అట్లతద్ది నాడు నేను ఊగే ఉయ్యాల తాడు కొరుకుతూ, మామ్మ ఎండబెట్టిన మినప్పప్పు మేసి చీపురు దెబ్బలు తింటూ, కొమ్ములు మెలి తిరిగేదాకా వాడు నా వెనకే తిరిగాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడికి యాభై ఏళ్లు నిండాయి. గోల్డెన్ జూబిలీ అన్నారు. ఇంగ్లీషు మాస్టారు ఆ మాట బోర్డు మీద రాసి దాని పుట్టుక చెప్పారు. పూర్వం యూదులు యాభయ్యో ఏడు రాగానే పొట్టేలు కొమ్ము ఊదేవారట, ఆ కొమ్ము పేరే ఈ మాటకు మూలమట. అది వినబడగానే బానిసలకు విడుదల, పోయిన పొలాలు మళ్లీ సొంతదారులకు, ఎక్కడెక్కడి వాళ్లూ తమ ఇళ్లకు చేరుకునేవారట. తరవాత లాటిన్‌లో సంతోషపు కేకకు ఉన్న మాట కూడా వచ్చి కలిసి, పట్టలేని ఆనందమన్న అర్థం స్థిరపడిందట. ఊరేగింపులో అందరికంటే ముందు నడవాల్సింది బుల్లోడేనని మాస్టారు అనేసరికి నా కాళ్లు నేల మీద ఆనలేదు.

నాన్న ఉత్సవాల కమిటీలో ఉన్నారు.

“ఊరేగింపవగానే ఇంటికి తెచ్చేస్తారా నాన్నా?”

“వచ్చేస్తాడమ్మా. నీ బుల్లోడు ఎక్కడికి పోతాడు?”

కొమ్ములకు పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేసి, బ్యాండు మేళం ముందు నేనే తాడు పట్టుకుని నడిపించాను. బడి గేటు దగ్గర ప్యూను తాడు అందుకున్నాడు. సాయంత్రం గిన్నెలో తవుడు పట్టుకుని వాణ్ణి తెచ్చుకోవడానికి వెళ్లాను. బడి వెనక మసాలా వాసన, గాడిపొయ్యి మీద డేగిసాలు, ఆ పక్కనే నేను కట్టిన బంతిపూల దండ. పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషుల బంతిలో కూర్చున్న మాస్టారు నన్ను చూసి తల దించుకున్నారు.

ఏడుస్తూ కొట్టుకు పరిగెత్తాను. నాన్న తక్కెడ దించలేదు.

“పెద్దవాళ్లు అడిగారమ్మా, కాదనలేకపోయాను. అయినా మనం ముట్టుకోలేదు కదా!”

ఇప్పుడా కొట్టు స్థలంలో సెల్‌ఫోన్ల షాపుంది. ఎడ్లబళ్లు లేవు, మందలూ ఆ దారిన రావు. బడి గోడకు మాత్రం నూరేళ్ల జూబిలీ అని రంగురంగుల బ్యానరు కట్టారు. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన మీద ప్రేమ నాకు ఏనాడూ తగ్గలేదు. కానీ ఆ సాయంత్రం తరవాత ఆయన ఇచ్చిన ఏ మాటనూ నేను నమ్మలేదు, ఆయన బతికుండగా ఆ సంగతి ఆయనకు తెలియనివ్వనూ లేదు.