కుర్చీ కుర్చీకొక గాలి

నటేశన్ నగర్ వీర్రాజుగారికి ఉన్న పట్టింపు ఒక్కటే: ఏ రెండు చోట్లా వీచే గాలి ఒకటి కాదని. యానాము నుండి వచ్చిన ఈ ఇంజినీరుగారి ఉద్యోగమూ అదే. గాలిమరలు బారులు తీరిన చోట ఏ మరకు ఎంత గాలి తగులుతుందో, దానివలన కరెంటు ఎంత హెచ్చి తగ్గుతుందో కంప్యూటరులో లెక్క కట్టడం.

“అన్ని మరలకీ ఒకే గాలి అనుకోడం, ఊరందరికీ ఒకే కొలత చెప్పులు కుట్టించడమేనండి” అనేవారు.

అంతటితో ఆగితే భార్య తాయారుకు చింత లేదు. హోటలుకు వెళ్లినా జేబులోనుండి గాలికి తిరిగే కాగితపు గిరగిర తీసి బల్లబల్లకూ పట్టేవారు. “ఇక్కడ ఇడ్లీ చల్లారిపోద్దే. ఆ మూలకి పద.” ఇడ్లీల పళ్లెంతో సర్వరు వెంట తిరిగేవాడు.

ఎదురింటి బట్టల వర్తకుడు ఆదికేశవులు కూతురు జనని పెళ్లిలో ఈ పట్టింపు తారస్థాయి నందుకొన్నది. జననిని పెంచిన మేనత్త అలివేలు, తలమీద కొంగు బిగించి, మండపపు వాకిలి దాటి రానన్నది.

“అత్త ముందు వరుసలో కూర్చోకుంటే నేను పీట ఎక్కను” అని జనని భీష్మించింది.

పెద్దలందరూ తలలు పట్టుకొని ఉండగా, వీర్రాజుగారు గిరగిరతో కుర్చీకుర్చీ ముందు వంగుతూ, ముందు వరుసలో పెళ్లికొడుకు మేనమామ యోగానంద్‌ను చేరి, “తమరు లేచి అటు కూర్చోవాలండి” అన్నారు.

“నన్ను లేపేదానికి ఈయన ఎవురు? నేను ఊరికి పోతా.”

తాయారు పరుగున వచ్చింది. “పెళ్లి చెడగొడతారా ఏంటండీ?”

“ఈ కుర్చీకి బొత్తిగా గాలి లేదే. ఇదే కావాలి.”

“గాలి లేని కుర్చీ ఎవరికండీ, దొంగకా, దొరకా?”

ఆయన మళ్లీ ఆ కుర్చీకే గిరగిర పట్టారు. తాయారును అలివేలే వాకిట్లోకి పిలిచి చెవిలో చెప్పింది: “అక్కా, అన్నను తిట్టొద్దు. ఆసుపత్రి మందులకు నా జుట్టంతా రాలిపోయింది. ఇది విగ్గు. ఫ్యాను గాలికి ఎగిరి పాయసంలో పడితే నా మానం యాడ పెట్టుకునేది? గాలి లేని చోటు ఎదికిస్తానని అన్న మాటిచ్చె.”

తాయారు తిరిగి వచ్చి భర్తను మెల్లగా అడిగింది: “మరి అన్ని కుర్చీలూ ఎందుకు చూశారు?”

“ఒక్కదాన్నే చూస్తే ఎవరికోసమని అడుగుతారే. అన్నిట్లో కలిపేస్తే కనపడదు.”

తాయారు యోగానంద్ వైపు తిరిగి, “మావారికి కాస్త గాలి పిచ్చి, అన్నగారూ. ఇక్కడ మీకు ఉక్కగా లేదూ?” అన్నది.

చొక్కా తడిసిన యోగానంద్ ఒక్క క్షణం ఆలోచించి, “అదీ నిజమే” అని ఫ్యాను కిందికి నడిచాడు. ఆయన కండువా ఎగిరి ఆయన ముఖమే కప్పింది.

అలివేలు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నది. జనని పీట ఎక్కింది. ఉదయమునుండి నిండుబిందె వలె కదలక నిలిపిన తలను అటూ ఇటూ తిప్పి, అలివేలు మొదటి వంక పెట్టింది: “ఏంది, ఇంత నీరసంగా వాయిస్తాండారు, మేళం వాళ్లు ఇంకా తిండి తినలేదా?”